భూసార పరిశోధనలో పని ఎలా ఉంటుంది? పరకాల విద్యార్థిని ప్రశ్నకు సమాధానం

మీ ప్రశ్నను నాకు అర్థమైనట్లు ముందుగా చెబుతాను. బీఎస్సీ అగ్రికల్చర్ మూడో సంవత్సరం చదువుతున్నారు. ఊరు పరకాల దగ్గర. నాన్నగారు కొంత సొంత భూమిలో, కొంత కౌలు భూమిలో పత్తి, వరి పండిస్తారు. ఎంఎస్సీలో మృత్తికా శాస్త్రం, అంటే నేలల శాస్త్రం తీసుకోవాలని మీకు ఉంది. సీనియర్లేమో అది ప్రయోగశాలలో సీసాలు కడిగే సబ్జెక్టని, ప్లాంట్ బ్రీడింగ్ తీసుకుంటే ఒక్క వంగడంతోనైనా పేరు నిలుస్తుందని అంటున్నారు. భూసారం మీద పరిశోధన చేసేవారు రోజూ ఏం చేస్తారు, దానివల్ల రైతు సేద్యంలో నిజంగా ఏదైనా మారుతుందా, మన జిల్లాల్లోనే ఉండి ఈ పని చేయవచ్చా అన్నవి మీ సందేహాలు.

మృత్తికా శాస్త్రమే తీసుకోండి. కొంతకాలం జగిత్యాల వైపు వరి, పసుపు నేలల్లో, కొంతకాలం వరంగల్ చల్కల్లో (తేలికపాటి ఎర్ర నేలల్లో), మొత్తం ముప్పై ఏళ్లకు పైగా ఇదే పని చేసినవాడిగా ఈ మాట అంటున్నాను. వంగడాలకు పేరు వస్తుందన్నది నిజమే. వరంగల్ సాంబ, జగిత్యాల సన్నాలు అంటూ మన ఊళ్ల పేర్లతోనే వరి రకాలు ఉన్నాయి. వాటిని రూపొందించినవారంటే నాకు ఎంతో గౌరవం. భూసారం మీద పనిచేసేవారికి అలాంటి గుర్తింపు రాదు. మీ మాట విని ఒక రైతు ఎకరాకు ఒక బస్తా డీఏపీ ఎరువు తగ్గించుకుంటే, ఆ మిగులు మీ పేరు మీద ఎక్కడా నమోదు కాదు. అది తెలిసి కూడా, ఈ మడి ఇలా ఎందుకుంది, పక్క మడి అలా ఎందుకుంది అన్న ప్రశ్న మిమ్మల్ని వదలకపోతే ఈ శాఖ మీకు సరిపోతుంది.

ఇన్నేళ్లలో నాకు బలపడిన అభిప్రాయం ఒకటుంది. భూసార పరీక్షలో వచ్చే అంకె దగ్గర మన పని మొదలవుతుంది, అక్కడితో అయిపోదు. ఆ పొలంలోకి ఏటా ఏం వస్తోంది, ఏం పోతోంది, ఎవరు తెస్తున్నారు, ఎవరు తీసుకుపోతున్నారు అన్న లెక్క తెలిస్తేనే ఆ అంకెకు అర్థం వస్తుంది. ఇంట్లో పశువులు ఉన్నాయా, చెరువు నిండుతోందా, కౌలు ఎన్నేళ్లకు రాసుకున్నారు, కోత మనుషులదా యంత్రానిదా, ఎరువు నగదుకు తెచ్చారా అప్పుకు తెచ్చారా, ఇవన్నీ ఆ లెక్కలో ఉంటాయి. నేలను సేద్యం నుంచి విడదీసి చదివితే పరిశోధన పత్రాలు రాయవచ్చు కానీ, రైతుకు మంచి సలహా ఇవ్వలేం.

ఒక ఎకరం లెక్క వివరంగా చెబుతాను. మీ రోజువారీ పని చాలావరకు ఇలాంటి లెక్కలతోనే సాగుతుంది.

శ్రీరాంసాగర్ కాకతీయ కాలువ కింద వానాకాలం, యాసంగి రెండుసార్లూ వరి వేసే పొలం అనుకోండి. దిగుబడి ఎకరాకు 25 క్వింటాళ్లు. టన్ను ధాన్యం పండటానికి గింజ, గడ్డి కలిపి పైరు సుమారు 15 నుంచి 20 కిలోల నత్రజని, 6 నుంచి 7 కిలోల భాస్వరం, 18 నుంచి 20 కిలోల పొటాష్ తీసుకుంటుంది. ఎరువుల సంచి మీద రాసే పద్ధతిలోనే ఈ అంకెలు చెబుతున్నాను. ఆ చొప్పున ఈ ఎకరం పైరు తీసుకున్నది సుమారు 40 నుంచి 50 కిలోల నత్రజని, 16 కిలోల భాస్వరం, 45 నుంచి 50 కిలోల పొటాష్. ఇక రైతు వేసింది చూడండి. దమ్ములో ఒక బస్తా డీఏపీ, పిలకల దశలో మరో బస్తా డీఏపీ, విడతలుగా మూడు బస్తాల యూరియా. 50 కిలోల డీఏపీ బస్తాలో 9 కిలోల నత్రజని, 23 కిలోల భాస్వరం ఉంటాయి. 45 కిలోల యూరియా బస్తాలో దాదాపు 21 కిలోల నత్రజని ఉంటుంది. మొత్తం కలిపితే నత్రజని 80 కిలోలు, భాస్వరం 46 కిలోలు, పొటాష్ సున్నా.

ఈ మూడు అంకెలూ మూడు వేర్వేరు కథలు. వేసిన నత్రజనిలో పెద్ద భాగం పైరుకు అందకుండానే పోతుంది. నీరు నిలిచిన మడిలో కొంత అమోనియాగా గాలిలో కలుస్తుంది. మడి ఆరుతూ తడుస్తూ ఉంటే నైట్రేటుగా మారినది సూక్ష్మజీవుల చర్యతో నత్రజని వాయువై పోతుంది. భాస్వరం అలా పోదు, నీటితో పాటు అంత తేలిగ్గా కిందికీ దిగదు. ప్రతి పంటకూ మిగిలిన 30 కిలోలు అక్కడే పేరుకుంటాయి. సున్నం ఎక్కువ ఉన్న నేలలో కాల్షియంతో, ఎర్రనేలలో ఇనుము, అల్యూమినియంతో కలిసి బిగుసుకుంటుంది. మడిలో నీళ్లు నిలిపినప్పుడు ఇనుముతో బిగుసుకున్న భాస్వరంలో కొంత మళ్లీ విడుదలవుతుంది. అందుకే ఏళ్ల తరబడి డీఏపీ పడిన వరి పొలంలో ఒక పంటకు భాస్వరం బాగా తగ్గించినా పైరులో తేడా కనిపించదు. పిలకల దశలో పైపాటుగా వేసే రెండో బస్తా డీఏపీ అయితే దాదాపు పూర్తిగా వృథా. భాస్వరం ఆఖరి దమ్ములో పడాలి, వేళ్లు పాకే లోతులో ఉండాలి. ఈ మాట ఊరూరా చెప్పి చెప్పి నా గొంతు పోయింది. ఇప్పటికీ చెబుతాను.

నష్టం డబ్బుతో ఆగితే ఇంత బాధ ఉండదు. భాస్వరం ఎక్కువైన మడిలో పైరుకు జింకు అందడం కష్టమవుతుంది. నాటిన రెండు నుంచి నాలుగు వారాల్లో ముదురాకుల మధ్య ఈనెకు ఇరుపక్కలా తుప్పురంగు మచ్చలు వస్తాయి, ఆకులు పెళుసై వంచగానే శబ్దం చేస్తూ విరుగుతాయి, పైరు గిడసబారిపోతుంది. చాలామంది రైతులు దాన్ని తెగులనుకొని మందు కొడతారు. ఒకప్పుడు శాస్త్రవేత్తలూ తెగులనే అనుకున్నారు. ఉత్తరాదిలో ఖైరా అని పిలిచే ఆ జబ్బు జింకు లోపమే అని 1960ల మధ్యలో పంత్‌నగర్‌లో తేల్చినవారు వై.ఎల్. నేనే (Y.L. Nene) అనే ఆయన. ఆయన తెగుళ్ల శాస్త్రవేత్త. తరువాత మన పటాన్‌చెరులోని అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌లో పనిచేశారు. తన శాఖకు అలవాటైన సమాధానం దగ్గర ఆగిపోకుండా నేల వైపు చూసిన మనిషిగా ఆయనంటే నాకు ప్రత్యేకమైన అభిమానం. ఎకరాకు 20 కిలోల జింక్ సల్ఫేట్ ఆఖరి దుక్కిలో వేయడం, భాస్వరం ఎరువుతో కలపకుండా వేయడం, పైరు మీద లోపం కనిపిస్తే లీటరు నీటికి 2 గ్రాముల చొప్పున పిచికారీ చేయడం మీరు పాఠంలో చదివే ఉంటారు. అదే మడికి డీఏపీ తగ్గించకుండా జింకు మాత్రమే చెబితే సగం సలహా చెప్పినట్టే.

పొటాష్ కథ కోత యంత్రంతో ముడిపడి ఉంది. వరి తీసుకున్న పొటాష్‌లో ఐదింట నాలుగు వంతులకు పైగా గడ్డిలోనే ఉంటుంది. మనుషులు కోసిన రోజుల్లో గడ్డి వామిగా ఇంటికి చేరేది, పశువులు తినేవి, పేడగా మళ్లీ పొలానికి వచ్చేది. యంత్రం కోసినప్పుడు గడ్డి వరుసలుగా మడిలోనే పడుతుంది. యాసంగి నాటుకు తొందర ఉంటుంది, దాంతో అగ్గి పెడతారు. కాల్చితే గడ్డిలోని నత్రజని దాదాపు మొత్తం పోతుంది, భాస్వరంలో నాలుగోవంతు, పొటాష్‌లో ఐదోవంతు పోతుంది, కర్బనం పొగై పోతుంది. రైతును తిట్టడం వల్ల ఏమీ రాదు. వానాకాలం కోతకూ యాసంగి నాటుకూ మధ్య ఆయనకు దొరికే సమయం తక్కువ, ట్రాక్టరు కిరాయి ఎక్కువ. గడ్డిని కలియదున్ని, తొందరగా కుళ్లడానికి ఎకరాకు ఒక బస్తా సూపర్ ఫాస్ఫేట్ చల్లి, నీరు పెట్టి కొన్ని రోజులు ఆగడం సాధ్యమా అన్నది కాలువ నీరు ఎప్పుడు వదులుతారన్న దాని మీద కూడా ఆధారపడుతుంది. మృత్తికా శాస్త్రవేత్తకు కాలువ నీటి విడుదల తేదీలు తెలిసి ఉండాలని నేను అనేది ఇందుకే.

చల్కల విషయం వేరు. మీ పరకాల, నర్సంపేట, జనగామ వైపు ఎర్ర చల్క చాలాచోట్ల లోతు తక్కువ, కింద మొరం తగులుతుంది. బంకమన్ను తక్కువ కాబట్టి నీటిని, పోషకాలను పట్టి ఉంచే శక్తి తక్కువ. మూరెడు లోతున్న చల్క పైరుకు అందేలా పట్టి ఉంచే నీరు సుమారు 50 మిల్లీమీటర్లు. పూత, కాయ దశలో పత్తి రోజుకు 5 మిల్లీమీటర్ల వరకు తాగుతుంది. వాన రెండు వారాలు ముఖం చాటేస్తే పైరు వాడిపోతుంది. లోతైన నల్లరేగడి అదే ఎడబాటును నెలకు పైగా తట్టుకుంటుంది. ఇవి సుమారు అంకెలే అయినా, ఒకే పంటకు రెండు నేలల్లో రెండు రకాల బతుకు ఎందుకో వీటితో అర్థమవుతుంది. 1997–98లో వరంగల్ జిల్లాలో పత్తి రైతుల ఆత్మహత్యల గురించి మీరు పెద్దల దగ్గర విని ఉంటారు. అప్పుడు పురుగు గురించి, మందుల గురించి, అప్పుల గురించి చర్చ జరిగింది, అది జరగాల్సిందే. పత్తి నల్లరేగడి నుంచి చల్కలోకి నడిచి వచ్చిందన్న సంగతి మీద ఇంకా ఎక్కువ చర్చ జరగాల్సింది అని నా నమ్మకం. చల్కలో నత్రజని ఒకేసారి వేస్తే ఒక పెద్ద వానకు వేళ్ల కిందికి దిగిపోతుంది. 20, 40, 60, 80 రోజులకు నాలుగు విడతలుగా వేయమని చెప్పడానికి కారణం అదే. పత్తి ఆకు ఎర్రబడిందని ఫొటో పంపి మందు పేరు అడుగుతారు. మెగ్నీషియం లోపం కావచ్చు, నత్రజని చాలకపోవడం కావచ్చు, నీరు నిలిచి వేళ్లకు ఊపిరి ఆడకపోవడం కావచ్చు, రాత్రి చలి కూడా కావచ్చు. పొలానికి వెళ్లి, మొక్క పీకి, వేరు చూడకుండా జవాబు చెప్పవద్దు.

సేంద్రియ కర్బనం గురించి ఒక లెక్క కచ్చితంగా వేసుకోండి, ఎందుకంటే ఈ విషయంలో ఆశపెట్టే మాటలు ఇప్పుడు ఎక్కువయ్యాయి. ఎకరా నేలలో పై 15 సెంటీమీటర్ల మట్టి బరువు సుమారు తొమ్మిది లక్షల కిలోలు. కర్బనం 0.4 శాతం నుంచి 0.5 శాతానికి పెరగాలంటే అదనంగా 900 కిలోల కర్బనం అక్కడ నిలవాలి. ఎకరాకు నాలుగు టన్నుల పశువుల ఎరువు వేస్తే, తేమ తీసేస్తే అందులో ఉండేది సుమారు 600 నుంచి 700 కిలోల కర్బనం. మన ఎండలకు అందులో ఎక్కువ భాగం రెండు మూడేళ్లలో సూక్ష్మజీవుల శ్వాసగా గాలిలో కలిసిపోతుంది. నిలిచేది కొద్దిగానే, అదీ పట్టుకోవడానికి బంకమన్ను ఉంటేనే. కాబట్టి ఒక సీజన్లో కర్బనం రెట్టింపు చేస్తామని ఎవరైనా డబ్బా అమ్మితే కొనవద్దని మీ నాన్నగారికి చెప్పండి. అలాగని చేతులు ముడుచుకొని కూర్చోవాల్సిన పని లేదు. ఏటా తొలకరికి జీలుగ గానీ జనుము గానీ వేసి పూత దశలో కలియదున్నడం, గొర్రెల మంద కట్టించడం, పత్తిలో కంది సాళ్లు పెట్టడం, గట్ల మీద గిరిపుష్పం నాటి కొమ్మలు పొలంలో వేయడం, ఇవన్నీ పనిచేస్తాయి. పదేళ్లు ఆపకుండా చేసిన పొలం చేతికి వేరుగా తగులుతుంది.

చెరువు మట్టి గురించి ఇక్కడే చెప్పాలి. కాకతీయుల కాలం నుంచి గొలుసుకట్టు చెరువులున్న ప్రాంతం మనది. వేసవిలో చెరువు మట్టి తోలుకోవడం మన సేద్యంలో భాగం. మధ్యలో చాలా ఊళ్లలో ఆ అలవాటు సన్నగిల్లింది, 2015లో చెరువుల పునరుద్ధరణ పథకం మిషన్ కాకతీయ మొదలయ్యాక మళ్లీ పెద్ద ఎత్తున సాగింది. దీన్ని ఎరువుగా లెక్క వేస్తే తక్కువ అంచనా వేసినట్లే. పూడిక మట్టి చేసే అసలు మేలు నేల స్వభావంలో ఉంటుంది. ఎకరాకు ఇరవై ట్రాక్టర్లు, ట్రాక్టరుకు మూడు టన్నులు అనుకుంటే 60 టన్నులు. పైపొర బరువులో అది దాదాపు ఏడు శాతం. మీ చల్కలో బంకమన్ను 12 శాతం ఉండి, పూడికలో 50 శాతం ఉంటే, పైపొరలో బంకమన్ను రెండున్నర శాతం వరకు పెరుగుతుంది. యూరియాలా ఒక పంటతో అయిపోయే మార్పు కాదది. అయితే తోలే ముందు ఆ మట్టిని పరీక్షించాలి. చౌడు నీరు దిగే చెరువైతే లవణాలు పొలానికి వస్తాయి. ఇప్పటికే బరువైన రేగడిలో వేస్తే మేలు లేదు. ఈ రెండు మాటలు చెప్పేవారు లేక నష్టపోయిన పొలాలు నేను చూశాను.

రోజువారీ పని గురించి అడిగారు. ప్రయోగశాల పని ఉంటుంది, సీసాలు కడగడం కూడా ఉంటుంది. 1934 నాటి వాక్లీ–బ్లాక్ పద్ధతిలో కర్బనం, 1956 నాటి సుబ్బయ్య–అసీజా పద్ధతిలో నత్రజని, ఓల్సెన్ పద్ధతిలో భాస్వరం మీ చేతులతో వందలసార్లు చేయాలి. ఆ విసుగు పడినవారికే ఒక అంకెను చూడగానే అది నమ్మదగినదా కాదా అన్న అంచనా వస్తుంది. మిగతా సమయం పొలంలో గుంటలు తీస్తూ, ప్రయోగ మడుల్లో కోతలు తూకం వేయిస్తూ, రైతులతో మాట్లాడుతూ గడుస్తుంది. మడికి మడికి మధ్య గట్టు చెదరకుండా, ఒక మడి నీరు ఇంకో మడిలోకి పోకుండా చూసే క్షేత్ర సహాయకుల మీద మన శాస్త్రం ఎంతగా ఆధారపడి ఉందో మీకు త్వరలోనే తెలుస్తుంది. వారి పేర్లు పత్రాల్లో ఉండవు. మీ థీసిస్‌లో తప్పకుండా రాయండి.

ఈ శాఖలో నాకు అన్నిటికంటే విలువైనవిగా తోచేవి దీర్ఘకాలిక ప్రయోగాలు. ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్‌లో 1843లో గోధుమ మీద మొదలైన ప్రయోగం ఇప్పటికీ నడుస్తోంది. మన దేశంలో 1970లో అఖిల భారత స్థాయిలో దీర్ఘకాలిక ఎరువుల ప్రయోగాల పథకం మొదలైంది. జగిత్యాల దగ్గరి పొలాస వ్యవసాయ పరిశోధన కేంద్రంలో వరి తర్వాత వరి పద్ధతి మీద అలాంటి ప్రయోగం 2000–01 నుంచి నడుస్తోంది. ఒక మడికి ఏమీ వేయరు, ఒకదానికి నత్రజని ఒక్కటే, ఒకదానికి నత్రజని, భాస్వరం, ఒకదానికి మూడూ, ఒకదానికి మూడింటితో పాటు పశువుల ఎరువు. ఏళ్లు గడిచినా ఏ మడికి ఏది అనుకున్నారో అదే వేయాలి. దేశంలోని ఇలాంటి ప్రయోగాలు పదేపదే చెప్పేది ఒకటే. నత్రజని ఒక్కటే వేసిన నేల కాలక్రమంలో చేతులెత్తేస్తుంది, సమతుల ఎరువులకు పశువుల ఎరువు తోడైన నేల దిగుబడిని, కర్బనాన్ని నిలబెట్టుకుంటుంది. ఇది మూడేళ్ల పీహెచ్‌డీలో కనిపించే నిజం కాదు. మొదటి కొన్నేళ్లు యూరియా ఒక్కటే వేసిన మడి కూడా పచ్చగానే ఉంటుంది. మీకంటే ముందువారు మొదలుపెట్టిన ప్రయోగాన్ని చెడగొట్టకుండా నడిపి, మీ తర్వాతివారికి అప్పగించడం కూడా ఒక గొప్ప ఉద్యోగమే. పటాన్‌చెరులో ఇక్రిశాట్ నల్లరేగడిలో 1976 నుంచి నడుపుతున్న ప్రయోగం సేద్య విధానాల గురించి అలాంటిదే. ఎత్తు మడులు, కాలువలు చేసి, వాన నీటిని నిలిపి, జొన్న, కంది కలిపి, తగిన ఎరువులతో సాగు చేసిన చోట హెక్టారుకు సగటున సుమారు ఐదు టన్నుల గింజలు వచ్చాయి. పాత పద్ధతిలో సాగు చేసిన చోట ఒక టన్నుకు కాస్త ఎక్కువ. నేల ఒకటే, వాన ఒకటే, మారింది సేద్యం. అవకాశం దొరికితే వెళ్లి చూడండి.

ఎరువుల సిఫారసు ఎలా పుడుతుందో కూడా తెలుసుకోవాలి. 1967లో బి. రామమూర్తి, ఆయన సహచరులు మన దేశంలో దిగుబడి లక్ష్యాన్ని బట్టి ఎరువు లెక్కించే పద్ధతికి పునాది వేశారు. ఒకే పొలంలో పట్టీలుగా వేర్వేరు మోతాదుల్లో ఎరువులు వేసి, ముందుగా ఒక పంట పండించి, కావాలనే సారంలో తేడాలు సృష్టిస్తారు. ఆ తర్వాత అసలు పంట వేస్తే నేల నుంచి ఎంత అందింది, ఎరువు నుంచి ఎంత అందింది అన్నది విడిగా తేలుతుంది. అప్పుడు ఇంత దిగుబడి కావాలంటే, మీ నేలలో ఇంత ఉంటే, ఇంత వేయండి అని సమీకరణం రాయవచ్చు. ఎంత చక్కని ఆలోచన! అయితే రైతుల చేతికి వచ్చిన, 2015లో మొదలైన భూసార కార్డుల్లో 12 అంశాలు ఉంటాయి, అంకెలు హెక్టారుకు, కిలోల్లో ఉంటాయి. రైతు ఎకరాల్లో, బస్తాల్లో ఆలోచిస్తారు. పైగా సాగునీరున్న చోట రెండున్నర హెక్టార్లకు, వర్షాధార భూముల్లో పది హెక్టార్లకు ఒక నమూనా తీశారు. పది హెక్టార్లంటే పాతిక ఎకరాలు. మన ఊళ్లలో అందులో దుబ్బ, చల్క, కొంత చౌడు కూడా ఉండవచ్చు. కార్డు తప్పు అనను. ఆ కార్డు పట్టుకొని పొలానికి వెళ్లి మాట్లాడే మనిషి కావాలి అంటాను. ఆ మనిషిగా మిమ్మల్ని మీరు ఊహించుకోండి.

కౌలు గురించి మీ ఇంట్లోనే మీకు తెలుసు. ఏడాది ఏడాదికీ మారే కౌలులో ఎవరు చెరువు మట్టి తోలుతారు? ఎవరు జీలుగ వేసి ఆరు వారాలు ఆగుతారు? మేలు మూడో ఏట కనిపించే పనిని మూడో ఏడు ఆ పొలంలో ఉంటామన్న భరోసా లేనివారు చేయలేరు. అలాంటి రైతుకు ఇచ్చే సలహా వేరుగా ఉండాలి. ఈ పంటలోనే తిరిగి వచ్చే ఖర్చు ఏది, వేయకుండా మానేయగలిగింది ఏది అన్నవి ముందు చెప్పాలి. సొంత పొలంలో, కౌలు పొలంలో ఒకే కుటుంబం పాటించే ఎరువుల పద్ధతిని పోల్చి, రెండు నేలల పోషకాల జమాఖర్చు రాసే ఎంఎస్సీ థీసిస్ ఒకటి చేయండి. మీ ఊరే మీకు ప్రయోగక్షేత్రం. గైడ్ ఒప్పుకోకపోతే ప్రయోగ మడులతో కూడిన సాధారణ సమస్యను ప్రధానంగా పెట్టుకొని, దీన్ని ఒక అధ్యాయంగానైనా చేర్చమని అడగండి.

ఉద్యోగాల సంగతి. ఎంఎస్సీకి రాష్ట్ర విశ్వవిద్యాలయంలో సీటుతో పాటు జాతీయ స్థాయి ప్రవేశ పరీక్ష కూడా రాయండి. కొన్నేళ్లు వేరే నేలలు చూడటం మంచిది. పీహెచ్‌డీ లేకుండా పరిశోధనలో ఎక్కువ దూరం వెళ్లలేరు, అందుకు ఇప్పుడే మనసు సిద్ధం చేసుకోండి. ఏఆర్ఎస్ (వ్యవసాయ పరిశోధన సర్వీసు) పరీక్షలో ఎంపికైతే భారత వ్యవసాయ పరిశోధన మండలి సంస్థల్లో చేరతారు. దేశంలో ఎక్కడికైనా పంపవచ్చు. భోపాల్‌లో మృత్తికా శాస్త్ర సంస్థ, నాగపూర్‌లో నేలల సర్వే సంస్థ, హైదరాబాద్‌లో మెట్ట వ్యవసాయానికి క్రీడా (CRIDA) అనే సంస్థ ఉన్నాయి. మన జిల్లాల్లోనే ఉండాలంటే జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయమే ప్రధాన దారి. వరంగల్, పొలాస ప్రాంతీయ కేంద్రాలతో పాటు కూనారం, రుద్రూరు, ఆదిలాబాద్ కేంద్రాలు, కృషి విజ్ఞాన కేంద్రాలు ఉన్నాయి. ఖాళీల భర్తీ ఏళ్ల తరబడి ఆలస్యం కావచ్చు. ఆ మధ్యకాలంలో ప్రాజెక్టుల్లో తాత్కాలిక పరిశోధకులుగా పనిచేయాల్సి వస్తుంది, జీతం ఆగి ఆగి వస్తుంది. ఇంట్లో ఈ విషయం ముందే మాట్లాడి ఉంచండి. వ్యవసాయ శాఖలో ఏఈఓ (వ్యవసాయ విస్తరణ అధికారి), ఏఓ (వ్యవసాయ అధికారి) ఉద్యోగాలను చిన్నచూపు చూడవద్దు. సుమారు ఐదు వేల ఎకరాల క్లస్టర్‌కు ఒక ఏఈఓ ఉన్న రాష్ట్రం ఇది. భూసారం తెలిసిన ఏఈఓ ఒక క్లస్టర్లో చేయగలిగిన మేలు నా సహచరుల్లో చాలామంది జీవితకాలంలో చేసినదానికంటే ఎక్కువ ఉండవచ్చు. ఉపగ్రహ చిత్రాలతో నేలల పటాలు తయారు చేయడం, నేల కర్బనాన్ని కొలిచే ప్రాజెక్టులు కొత్తగా పెరుగుతున్న దారులు. వాటికి గణాంక శాస్త్రం, కొంత ప్రోగ్రామింగ్ నేర్చుకోండి. మూడో సంవత్సరంలోనే మొదలుపెట్టవచ్చు.

ఆడపిల్లవని పొలం పని ఇవ్వరేమో అన్న భయాన్ని చివర్లో ఒక వాక్యంలో రాశారు. నాతో పనిచేసిన మంచి క్షేత్ర పరిశోధకుల్లో మహిళలు ఉన్నారు. నాట్లు, కలుపు, పత్తి ఏరడం చేసేది ఎక్కువగా ఆడవారే. ఏ మడిలో ఏ మూల పైరు ఎప్పుడూ పచ్చబడదో వారికి తెలుసు, ఆ విషయం వారు మీతో చెప్పినంత వివరంగా మగవారితో చెప్పరు. పరిశోధన కేంద్రంలో మిమ్మల్ని ప్రయోగశాలకే పరిమితం చేయబోతే మొదటి నెలలోనే స్పష్టంగా అడగండి.

పరీక్షలయ్యాక ఈ వేసవిలో ఒక పని చేయండి. మీ సొంత పొలం, కౌలు పొలం రెండింటి నుంచి విడివిడిగా నమూనాలు తీయండి. ఎకరాకు ఎనిమిది నుంచి పది చోట్ల, ఆంగ్ల వి అక్షరం ఆకారంలో 15 సెంటీమీటర్ల గుంట తీసి, అంచు నుంచి పలుచని పొరగా మట్టి తీసుకోవాలి. గట్ల దగ్గర, చెట్ల నీడలో, పెంటకుప్పలు పోసిన చోట తీయవద్దు. అన్నీ కలిపి నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు ఉంచుకుంటూ అరకిలోకు తగ్గించి, నీడలో ఆరబెట్టండి. జింకు, ఇనుము కూడా చూపించాలి కాబట్టి ఇనుప పనిముట్లు కాకుండా కర్ర లేదా ప్లాస్టిక్ వాడండి, పాత ఎరువుల సంచిలో మాత్రం పోయవద్దు. పరీక్షకు ఇచ్చే ముందు నాన్నగారితో, అమ్మగారితో కూర్చొని ఆ రెండు పొలాల్లో గత ఐదేళ్లుగా వేసిన పంటలు, ఎరువుల బస్తాలు, తోలిన పెంట, వచ్చిన దిగుబడి, గడ్డి ఏమైందన్నది నోటు పుస్తకంలో రాయండి. ఫలితాలు వచ్చాక ఆ పేజీతో పాటు ఇక్కడ పెడితే, ఎకరం ఎకరానికీ జమాఖర్చు ఎలా వేయాలో అంకెలతో చెబుతాను.